మాటకు వైద్యం ఎవరు చేస్తారు?

(ఆరోగ్య శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, వైద్యుల జవాబులు)

గొంతు, మాట సమస్యల మీద నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి కొంతకాలంగా వస్తున్న ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము. అడిగిన విషయాలు వేరైనా, దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఒకే ఇబ్బంది కనిపించింది. రోగం ఏమిటో చెప్పే డాక్టరు దొరుకుతున్నారు గానీ, ఆ తర్వాత వారాల తరబడి దగ్గర కూర్చుని మాటను సరిచేసే మనిషి దొరకడం లేదు. రాసినవారి కోరిక మీద పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: దేవరకొండ దగ్గరి ఒక ప్రభుత్వ పాఠశాలలో పదిహేడేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. దసరా సెలవుల తర్వాత గొంతు బొంగురు పోయింది. సాయంత్రమయ్యేసరికి మాట అసలే రావడం లేదు. మూడు విడతలు యాంటిబయాటిక్ మాత్రలు వాడినా తగ్గలేదు. చివరికి ఈఎన్‌టీ డాక్టరు గారు చూసి, స్వరతంత్రుల మీద నాడ్యూల్స్ ఉన్నాయనీ, ఆపరేషన్ మాట తర్వాత, ముందు స్పీచ్ థెరపీ చేయించుకోవాలనీ అన్నారు. విచారిస్తే ఆ పని చేసేవారు మా చుట్టుపక్కల లేరు. వారం వారం హైదరాబాద్ వెళ్లాలట. ఆ వ్యాయామాలేవో డాక్టరే నేర్పకూడదా? గుండెకు, కిడ్నీకి ఉన్నట్టు గొంతుకు ప్రత్యేక డాక్టర్లు ఉండరా?
— ఒక ఉపాధ్యాయురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, మీ డాక్టరు గారు ఇచ్చిన సలహా సరైనదే. గడ్డపార పట్టేవారి అరచేతిలో కాయ కాసినట్టు, గొంతులో మాటను పుట్టించే రెండు స్వరతంత్రులు ఒకదానికొకటి గట్టిగా తగిలే చోట రెండువైపులా ఏర్పడే చిన్న బుడిపెలే నాడ్యూల్స్. కోసి తీసేసినా, మాట్లాడే తీరు మారకపోతే మళ్లీ వస్తాయి. తీరు మారితే చాలామందికి కోత అవసరం లేకుండానే తగ్గిపోతాయి. అందుకే ముందు థెరపీ అంటారు. యాంటిబయాటిక్ మాత్రలకు దీనితో సంబంధం లేదు.

ఇక ప్రత్యేక డాక్టర్ల సంగతి. మన దేశంలో గొంతు వైద్యం ఈఎన్‌టీ విభాగం కిందికే వస్తుంది. ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్‌లో, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఈఎన్‌టీకి దక్కేది రెండు వారాలు. ఆ తర్వాత ఎంఎస్ ఈఎన్‌టీ మూడేళ్లు. ఆ మూడేళ్లలోనే చెవి ఆపరేషన్లు, ముక్కు, సైనస్‌లు, టాన్సిల్స్, మెడ గడ్డలు, క్యాన్సర్లు, గొంతులో ఇరుక్కున్న రూపాయి బిళ్లలు, ప్రమాద కేసులు అన్నీ నేర్చుకోవాలి. వీటి మధ్య మనిషి స్వరాన్ని శ్రద్ధగా విని, దానిలోని తేడాను పట్టుకోవడం ఆ విద్యార్థికి ఎంతవరకు అలవడుతుందన్నది, చదివిన కాలేజీలో స్వర సమస్యల కోసం విడిగా ఓపీ నడుస్తుందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. గొంతు మీదే పనిచేయాలనుకున్నవారు సాధారణంగా ఎంఎస్ తర్వాత ఏదో ఒక పెద్ద ఆసుపత్రిలో ఫెలోషిప్, అంటే ఆ ఒక్క పనిలో అదనపు శిక్షణ, చేస్తారు. అలా చేసినవారు దాదాపుగా నగరాల్లోనే స్థిరపడతారు, ఎందుకంటే వారికి కావలసిన పరికరాలూ, జోడీగా పనిచేసే థెరపిస్టులూ అక్కడే ఉన్నారు.

జర్మనీలో పద్ధతి వేరు. బెర్లిన్‌లో హెర్మన్ గుట్స్‌మన్ అనే వైద్యుడు 1905లో స్వర, వాక్ వైద్యానికి విశ్వవిద్యాలయంలో పునాది వేశారు. ఈ రోజు అక్కడ ఫోనియాట్రిక్స్ అనేది ఈఎన్‌టీతో సమానంగా నిలిచే ప్రత్యేక వైద్యశాఖ. పిల్లల వినికిడి కూడా ఆ డాక్టరే చూస్తారు. ఇక్కడ కూడా అలాంటి కోర్సు పెట్టాలని కొందరంటారు. నా మటుకు నాకు, మన అవసరం ముందుగా అది కాదనిపిస్తుంది. ఇప్పుడున్న ఎంఎస్ విద్యార్థి చేత వారానికి ఒక పూటయినా థెరపిస్టు పక్కన కూర్చుని స్వర రోగులను చూడనిస్తే, పదేళ్లలో జిల్లాల పరిస్థితి మారుతుంది. పీజీ విద్యార్థులందరూ మూడు నెలలపాటు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నిబంధన ఇప్పటికే ఉంది కనుక, ఆ మూడు నెలలను ఇందుకు వాడుకోవచ్చు.

పరీక్ష గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే శిక్షణ లోటు ముందుగా బయటపడేది అక్కడే. మాన్యుయెల్ గార్సియా అనే సంగీత గురువు 1854లో చిన్న అద్దాన్ని నోట్లో పెట్టుకుని, ఎండను దాని మీదికి మళ్లించి, తన స్వరతంత్రులను తానే చూశారు. మేము చదువుకునే రోజుల్లోనూ అదే అద్దం. స్పిరిట్ దీపం మీద కొంచెం వేడిచేసి, కాలుతుందేమోనని మన చేతి వెనుక ఆనించి చూసుకుని, రోగి నాలుకను గాజుగుడ్డతో ముందుకు పట్టుకుని, అద్దాన్ని కొండనాలుకకు ఆనించి "ఈ..." అనమనేవాళ్లం. వాంతి వచ్చేలోగా ఒకటి రెండు క్షణాలు తెల్లని రెండు పట్టీలు కనిపించేవి. అవి కదులుతున్నాయా, మధ్యలో గడ్డ ఉందా అన్నది దానితో తెలుస్తుంది. ఎలా కంపిస్తున్నాయో తెలియదు. మగవారి గొంతులో స్వరతంత్రులు సెకనుకు నూరుసార్లకు పైగా, ఆడవారి గొంతులో సుమారు రెండు వందల సార్లు కొట్టుకుంటాయి. కంటికి అందే వేగం కాదది. ట్యూబులైటు వెలుగులో తిరిగే ఫ్యాను ఒక్కోసారి మెల్లగా తిరుగుతున్నట్టు కనిపించడం మీరు చూసే ఉంటారు. స్ట్రోబోస్కోప్ అనే పరికరం ఆ కిటుకుతోనే, ఆగి ఆగి వెలిగే దీపంతో, స్వరతంత్రుల కదలికను మెల్లగా చూపిస్తుంది. పరికరాన్ని టెండరు పిలిచి కొనవచ్చు. తెర మీద కనిపించేది చదవగలిగే కన్ను మాత్రం వందల మంది రోగులను చూస్తేనే వస్తుంది. డాక్టరు, థెరపిస్టు ఇద్దరూ ఒకే తెరను ఒకేసారి చూసి మాట్లాడుకున్న రోజున రోగికి సగం తిరుగుళ్లు తప్పుతాయి.

డాక్టరే నేర్పకూడదా అన్నారు. స్వర థెరపీ అంటే సాధారణంగా వారానికి ఒకటి రెండుసార్లు, ఒక్కోసారి అరగంట నుంచి ముప్పావుగంట, ఆరు నుంచి ఎనిమిది వారాలు. శ్వాస ఎక్కడి నుంచి తీస్తున్నారు, మెడ కండరాలు ఎక్కడ బిగుస్తున్నాయి, వాక్యం చివర గాలి అయిపోయినా ఎలా నెట్టుకొస్తున్నారు అన్నవి విని, ఆపి, మళ్లీ చెప్పించాలి. బయట వరండాలో చీటీలు పట్టుకుని వరుసలో జనం నిలబడి ఉన్న ఓపీలో ఏ డాక్టరుకూ అంత వ్యవధి ఉండదు. పైగా ఆ విద్య వారు నేర్చుకున్నదీ కాదు. దానికోసమే నాలుగేళ్లు చదివినవారు వేరే ఉన్నారు. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు, సూర్యాపేటకు 2019లో, నాగర్‌కర్నూల్‌కు, వనపర్తికి 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటితో పాటు ఈఎన్‌టీ విభాగాలూ వచ్చాయి. ఒక్కొక్క విభాగంలో ఇద్దరేసి థెరపిస్టులను రెగ్యులర్ పోస్టుల్లో నియమిస్తే, మీలాంటివారు వందకు పైగా కిలోమీటర్లు బస్సులో వెళ్లి, ఆ కండక్టరుతో, పక్క సీటువారితో అరచి మాట్లాడి గొంతును ఇంకొంచెం పాడుచేసుకుని తిరిగిరావలసిన అవసరం ఉండదు.

అంతవరకు మీరు చేయగలిగింది చెబుతాను. మొదటి రెండు సార్లు ఎలాగైనా స్వయంగా వెళ్లండి. తర్వాతి సెషన్లను వీడియో కాల్‌లో చేయడానికి చాలామంది థెరపిస్టులు ఒప్పుకుంటారు, ముందే అడగండి. తరగతిలో చిన్న మైకు వాడండి. బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడడం మానండి. గొంతు సవరించుకోవడం, గుసగుసగా మాట్లాడడం రెండూ స్వరతంత్రులకు శ్రమే. నీళ్ల సీసా బల్ల మీద పెట్టుకోండి.

ప్రశ్న: మక్తల్ వైపు ఒక పీహెచ్‌సీలో కొత్తగా చేరిన ఎంబీబీఎస్ డాక్టరును. గొంతు బొంగురుతో రోజూ ఎవరో ఒకరు వస్తారు. నాకు ఎండోస్కోపు లేదు, ఈఎన్‌టీలో రెండు వారాల అనుభవమే. ఎవరిని ఇక్కడే ఉంచాలి, ఎవరిని పంపాలి?
— ఒక వైద్యాధికారి, నారాయణపేట జిల్లా

జవాబు: డాక్టర్ గారూ, ఈ ప్రశ్న అడిగినందుకే మీకు ధన్యవాదాలు. జలుబుతో వచ్చిన బొంగురు ఎక్కువగా వారం పది రోజుల్లో దానంతట అదే పోతుంది, యాంటిబయాటిక్ వద్దు. మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఎవరైనా సరే స్వరపేటికను పరీక్ష చేయించాల్సిందే. బీడీ, గుట్కా, కల్లు, సారా అలవాటున్న నడివయసు మనిషి అయితే మూడు వారాలు కూడా ఆగకండి. మెడలో గడ్డ, మింగడంలో కష్టం, దగ్గితే రక్తం, గాలి పీల్చేటప్పుడు కూత, వీటిలో ఏది ఉన్నా ఆ రోజే పంపండి. స్వరపేటిక క్యాన్సర్ మొదటి దశలో చూపించే గుర్తు చాలాసార్లు ఈ బొంగురు ఒక్కటే. అప్పుడు పట్టుకుంటే మనిషీ బతుకుతాడు, మాటా మిగులుతుంది. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు పోయిందంటే నరం దెబ్బతిని ఉండవచ్చు, దానికీ వైద్యం ఉంది.

మీకు పరికరం లేదన్నారు గానీ చెవులున్నాయి, గడియారం ఉంది. రోగిని గట్టిగా ఊపిరి పీల్చుకుని "ఆ..." అని ఎంతసేపు లాగగలిగితే అంతసేపు లాగమనండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు పదిహేను సెకన్లకు తగ్గకుండా లాగుతారు. ఐదారు సెకన్లకే ఆగిపోయి, గొంతు గాలి గాలిగా వస్తుంటే స్వరతంత్రులు సరిగా మూసుకోవడం లేదేమో అనుమానించి, ఆ సెకన్ల అంకెను రిఫరల్ చీటీ మీద రాయండి. అవతలి డాక్టరుకు అది ఎంతో పనికొస్తుంది. మీ ఫోనులో రోగి స్వరాన్ని ఒక నిమిషం, వారి అనుమతితో, రికార్డు చేసి ఉంచుకోవడం ఇంకా మంచిది. నెల తర్వాత వచ్చినప్పుడు పోల్చి చూడవచ్చు. మీ శిక్షణలో ఎవరూ ఇవి చెప్పి ఉండకపోవచ్చు, కానీ ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకోగలిగినవి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. నీట్‌లో సీటు వస్తుందన్న నమ్మకం లేదు. స్పీచ్ థెరపీ కోర్సు ఉందని విన్నాము. అది డాక్టరు చదువేనా? ఎక్కడ చదవాలి? చదివాక మా ఊరి వైపు ఉద్యోగం ఉంటుందా?
— ఒక తండ్రి, నాగర్‌కర్నూల్

జవాబు: ఆ కోర్సు పేరు బీఏఎస్ఎల్‌పీ. మూడేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. వినికిడి, మాట రెండూ నేర్పుతారు. ఇంటర్‌లో సైన్సు చదివినవారు అర్హులు. పైన రెండేళ్ల పీజీలో రెండింట్లో ఒకదాన్ని ఎంచుకోవచ్చు. ఇది ఎంబీబీఎస్ కాదు, మందులు రాసే అధికారం ఉండదు. కానీ డాక్టరు కింద పనిచేసే సహాయకుల కోర్సు కూడా కాదు, తన పనిలో తానే నిపుణురాలు. 1992 చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. చేరే ముందు ఆ కాలేజీకి గుర్తింపు ఉందో లేదో తప్పక చూసుకోండి, ఎందుకంటే కొద్ది నెలల సర్టిఫికెట్లతో థెరపీ సెంటరు బోర్డు పెట్టేవారు పెరిగారు.

దేశంలో ఈ చదువుకు పెద్దదిక్కు 1965లో మైసూరులో ఏర్పడిన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్. మనకు దగ్గరలో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రధాన కేంద్రం ముంబైలో ఉన్నా, ఆ పేరు హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన మనవారిదే.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. నగరంలో ఆసుపత్రులు, చెవిమిషన్ల దుకాణాలు, పిల్లల థెరపీ కేంద్రాలు పిలిచి పని ఇస్తాయి. చాలామంది విదేశాలకూ వెళ్తారు. జిల్లాల్లో సర్కారు పని అంటే చిన్న పిల్లల సత్వర చికిత్సా కేంద్రాల్లో కాంట్రాక్టు పోస్టు. ఏడాది ఏడాదికి పొడిగింపు కోసం ఎదురుచూస్తూ ఎవరు నిలుస్తారు? పనిచేసేవారు లేక కాదు జిల్లాలు ఖాళీగా ఉన్నవి, నిలబడే పోస్టు లేక. అయినా మీ అమ్మాయికి ఓపికగా వినే స్వభావం ఉంటే చేర్చండి. నాగర్‌కర్నూల్‌లో సొంతంగా కేంద్రం పెట్టినా రోగులకు కొదవ ఉండదు. వారు ఇప్పటికే హైదరాబాద్ బస్సెక్కుతున్నారు.

ప్రశ్న: చందంపేట వైపు ఒక తండాలో అంగన్‌వాడీ టీచరును. మూడేళ్ల బాబు ఒకడు కేంద్రంలో నోరు విప్పడు. తల్లిదండ్రులు ఏడాదిలో ఎక్కువ నెలలు పట్నంలో కట్టడం పనికి పోతారు, నానమ్మ దగ్గర ఉంటాడు. క్యాంపుకు వచ్చినవారు "మాటల ఆలస్యం" అని కాగితం మీద రాసి వెళ్లారు. నాకేమో నమ్మకం కలగడం లేదు. ఏం చేయాలి?
— ఒక అంగన్‌వాడీ టీచరు, నల్లగొండ జిల్లా

జవాబు: మీ అనుమానం విలువైనది. చాలా ఏళ్ల కిందట నేను పాల్గొన్న ఒక క్యాంపులో జరిగింది చెబుతాను. ఇంచుమించు మూడేళ్ల పిల్లవాడు, బల్లకు ఇవతల నిలబడి ఉన్నాడు. మా దగ్గర బొమ్మల కార్డులు ఉన్నాయి. రొట్టె బొమ్మ చూపించి "ఇదేంటి నాన్నా?" అని తెలుగులో అడిగితే నేల వైపు చూశాడు. ఆవు చూపించినా అంతే, బస్సు చూపించినా అంతే. ఆలస్యం అన్న గడిలో టిక్కు పెట్టడానికి పెన్ను ఆనించాను. పక్కనే కూర్చున్న నానమ్మ, చేతినిండా గాజులు గలగలమంటుండగా, రొట్టె కార్డు నా చేతిలోంచి తీసుకుని లంబాడీలో ఏదో అడిగింది. వాడు వెంటనే "బాటి" (రొట్టె) అన్నాడు. తర్వాత బస్సు బొమ్మ మీద వేలు పెట్టి, "యాడి" (అమ్మ) అన్న మాట వచ్చేలా ఏదో గబగబా చెప్పాడు. బస్సులో అమ్మ వెళ్లిపోయిందని అంటున్నాడని నానమ్మ తెలుగులో చెప్పింది. వాడికి మాట వచ్చు. అడగడం మాకు రాలేదు.

అందువల్ల మీరు ముందు నానమ్మను పిలిచి, ఇంట్లో ఏం మాట్లాడతాడో, ఎన్ని మాటలు కలిపి మాట్లాడతాడో కనుక్కోండి. ఏ భాషలోనైనా సరే, రెండేళ్లు నిండేసరికి పిల్లలు రెండేసి మాటలు కలపాలి. ఈ బాబు ఇంట్లో చక్కగా మాట్లాడుతూ కేంద్రంలో మాత్రమే మౌనంగా ఉంటే, వాడికి కావలసింది తెలుగు అలవాటయ్యే సమయం, మీ చేరదీత. రెండు భాషల మధ్య పెరగడం వల్ల మాటలు ఆలస్యం కావు; ఇంట్లో లంబాడీ మానేయమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. ఇంట్లో కూడా మాటలు లేకపోతే మొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష, తర్వాతే థెరపీ. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు పరీక్ష, చికిత్స ఉచితం. చీటీ తీసుకుని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపండి.

శిక్షణ విషయంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. థెరపిస్టుల చదువు అంతా ఇంగ్లీషులో సాగుతుంది, పిల్లల మాటను కొలవడానికి తెలుగులో ఉన్న పరీక్షలు పుస్తకాల తెలుగును కొలబద్దగా పెట్టుకుంటాయి. మన పిల్లలు "గిట్ల", "గట్ల" అంటే అది తప్పు ఉచ్చారణ కాదు, వారి ఇంటి భాష. మహబూబ్‌నగర్ పట్టణంలో ఉర్దూ ఇళ్లు ఉన్నాయి, అమ్రాబాద్ అడవుల్లో చెంచు పెంటలు (చెంచుల గూడేలు) ఉన్నాయి, దేవరకొండ చుట్టూ తండాలు ఉన్నాయి. ఇక్కడ పనిచేయబోయే డాక్టరైనా, థెరపిస్టైనా, శిక్షణలో భాగంగా కనీసం ఒక నెల ఈ పిల్లల మధ్య ఉండి, ఏ వయసుకు వారు ఏ మాట ఎలా పలుకుతారో విని రాసుకుని ఉండాలి. తండాల్లో, పెంటల్లో చదువుకున్న ఆడపిల్లలను ఎంచుకుని ఈ కోర్సుకు ఉపకారవేతనం మీద పంపితే ఇంకా మేలు.

తల్లిదండ్రులు వలస వెళ్లే ఇళ్లలో థెరపీ మధ్యలో తెగిపోవడం మరొక కష్టం. వ్యాయామాలను అమ్మకే కాక నానమ్మకు కూడా నేర్పించమని అడగండి. ఎన్ని సెషన్లు అయ్యాయో, ఏం నేర్పారో రాసిన కాగితాన్ని టీకాల కార్డుతో కలిపి ఒక కవరులో పెట్టి వారి చేతికివ్వండి. పట్నంలో ఇంకో కేంద్రానికి వెళ్లినా మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు.

ప్రశ్న: మా నాన్నకు పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. చెయ్యి, కాలు కొంత తిరిగాయి. మాట మాత్రం తడబడుతోంది. చెప్పాలనుకున్నది ఒకటి, నోటికి వచ్చేది ఒకటి. ఇక ఇంతే అన్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, కోదాడ

జవాబు: ఇక ఇంతే అని ఎనిమిదో నెలలో అనకూడదు. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి ఈ ఇబ్బంది వస్తుంది. దీన్ని అఫేసియా అంటారు. తెలివి పోయినట్టు కాదు, మాటను వెతికి తెచ్చే దారి దెబ్బతిన్నది. మొదటి నెలల్లో మెరుగు వేగంగా ఉంటుంది, ఆ తర్వాత మెల్లగా అయినా థెరపీతో కొనసాగుతుంది. కాలికి ఫిజియోథెరపీ రాసిన చీటీ మీదే మాటకు స్పీచ్ థెరపీ కూడా రాసి ఉండవలసింది. సూర్యాపేటలోని వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లి ఇప్పుడైనా రాయించుకోండి. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు, చిన్న వాక్యాల్లో మాట్లాడండి. "అన్నమా, చాయా?" అని రెండింట్లో ఒకటి ఎంచుకునేలా అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఆయన వాక్యాన్ని మీరు పూర్తి చేయవద్దు. లోపం శాశ్వతంగా మిగిలితే, 2016 వికలాంగుల హక్కుల చట్టం అఫేసియాను వాక్, భాషా వైకల్యంగా గుర్తించింది. వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు.